ఖతీజా మంచం పక్కన

ఆర్మూర్‌లో గంజి అని పిలిచే పసుపు మార్కెట్ వెనక సందులో ఒక పెంకుటిల్లు ఉండేది. నడిమికి గోడ కట్టి రెండు వాటాలుగా అద్దెకిచ్చారు. ఒక వాటాలో సాయవ్వ, రెండోదాంట్లో ఖతీజా. సాయవ్వ పుట్టిల్లు వేల్పూర్. బాప్తిస్మం రోజున మార్త అని పేరు పెట్టారు గాని అది చర్చి రిజిస్టరు దాటి బయటికి రాలేదు. భర్త పోయాడు, పిల్లలు లేరు. గంజిలో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేది. ఖతీజా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె కూడా ఒంటరిదే. ఉప్పో అగ్గిపెట్టో కావాలంటే గోడ మీది నుంచే అడిగి తీసుకునేవారు.

1984 ఎండాకాలంలో ఒక పొద్దున ఖతీజా బీడీల చాట పక్కనే పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. దవాఖానలో పది రోజులుంచి పంపేశారు. బోధన్ నుంచి ఆమె మరిది వచ్చాడు. వదినను చూసి, కళ్లు తుడుచుకుని, సాయవ్వతో అన్నాడు: “జర నాలుగు దినాలు చూడు చెల్లె. ఇంట్ల మాట్లాడి తీస్కపోత.”

అతను మళ్లీ రాలేదు.

నాలుగు రోజులే కదా అనుకుంది సాయవ్వ. యేసుప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చిన్నప్పటి నుంచీ విన్నదే. అయితే కాళ్లు ఒక పూట కడగడం వేరు, ఒక మనిషి మలమూత్రాలు ఏళ్ల తరబడి ఎత్తిపోయడం వేరు. తెల్లారక ముందే లేచి ఖతీజాను కడిగి, గుడ్డలు మార్చి, గంజి తాగించి పనికి పోయేది. మధ్యాహ్నం అందరూ సద్ది విప్పుకునే వేళకు ఇంటికి పరుగెత్తి, పుండ్లు పడకుండా ఆమెను పక్కకు తిప్పి మళ్లీ పరుగెత్తేది. ఆదివారం పక్కగుడ్డలు, బొంతలు ఉతికే రోజు. పెరట్లో గుడ్డలు బండకు బాదుతుంటే చర్చి గంట వినిపించేది. పోవడానికి వీలయ్యేది కాదు.

ఖతీజా నెమ్మదైన రోగి కాదు. మాట సగమే వచ్చేది, కోపం మాత్రం నిండుగా ఉండేది. నచ్చని ముద్ద ఉమ్మేసేది. మంచి చేత్తో మంచం పట్టెను దబదబా కొట్టి పిలిచేది. సాయవ్వ కూడా ఊరుకునేది కాదు, తిట్టేది. తిట్టాక పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది.

వాడకట్టులో అందరూ ఆమెను పొగిడేవారు. ఎదురింటి లసుమవ్వ పసుపు రైతు భార్య, మడీ ఆచారం గల మనిషి. నువ్వు దేవతవని గడప అవతల నుంచే చెప్పి వెళ్లేది. మసీదు కమిటీలో ఉండే చాంద్ పాషా ఎదురైతే సలాం చేసేవాడు. చర్చిలో పాస్టరు అయ్యగారు ఆమె పేరు చెప్పి ప్రసంగం చేశారని తెలిసింది. ఆ మాట విన్న రోజు సాయవ్వ అనుకుంది, మామూలు మనిషైతే వదిలేసి పోవచ్చు. దేవత ఎక్కడికి పోగలదు? చివరికి ఆమె ప్రార్థన ఒక్క మాటకు వచ్చింది: ప్రభువా, ఆమెను తీసుకుపో, లేదా నన్ను తీసుకుపో.

1989 వానాకాలంలో నిజామాబాద్‌లోని ఒక కాన్పుల దవాఖానలో ఆయా పని ఉందని, ఉండటానికి గది కూడా ఇస్తారని కబురొచ్చింది. సాయవ్వ ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున ఖతీజాకు గంజి తాగించి, ఎడమ చేతికి అందేలా నీళ్ల చెంబు, రొట్టె పెట్టి, బయట గొళ్లెం వేసి బస్సెక్కింది.

ఆ రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది. ఐదేళ్లలో అదే మొదలు. మరునాడు మధ్యాహ్నం తింటూ తింటూ, ఎవరూ పిలవకుండానే లేచి నిలబడింది. అది ఖతీజాను పక్కకు తిప్పే వేళ. ప్రేమతో లేచానని ఆమె తర్వాతెప్పుడూ చెప్పుకోలేదు. భయంతో లేచింది. చేయి కడుక్కుని బస్టాండుకు నడిచింది.

తలుపు తీసేసరికి చెంబు దొర్లి ఉంది. ఖతీజా తడిసిన బొంతలో, మురికిలో పడి ఉంది. చప్పుడు విని లసుమవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది. నిన్నటి నుంచీ మంచం కొడుతున్న చప్పుడు వినిపించిందని, సాయవ్వ లోపలే ఉందనుకున్నానని చెప్పింది.

ఖతీజా సాయవ్వ ముఖంలోకి చూసింది. నాలుక తిరగక ఒక్కో మాటా కూడదీసుకుని అన్నది: “ఎందుకొచ్చినవ్? నీ జాగల నేనుంటె ఎప్పుడో పోతుంటి.”

సాయవ్వ పొయ్యి ముట్టించింది. నీళ్లు కాచి ఆమెను కడిగింది.

ఆ ఆదివారం ఉతుకుడు ఆపి, తడి కొంగుతోనే చర్చికి పోయింది. విశ్వాసులు తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడింది.

“అయ్యగారు, నా గురించి ప్రసంగంల చెప్పకుండ్రి. గా ఖతీజాను ఇంట్ల బెట్టి, గొళ్లెమేసి పోయిన. ఆమె సస్తె మంచిగుండని ప్రార్థన జేసిన. నన్ను మెచ్చుకునుడు బంజేసి, ఎవరన్న ఒక్క పూట రాండ్రి.”

అయ్యగారు తల వంచుకున్నారు. సాయవ్వ అక్కడి నుంచి లసుమవ్వ ఇంటికీ, చాంద్ పాషా ఇంటికీ పోయి అదే మాట చెప్పింది.

చర్చి నుంచి అయ్యగారి భార్య ఒక రోజు వచ్చింది. ఆ వాసన భరించలేక వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. లసుమవ్వ మాత్రం గురువారం వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఖతీజాను తిప్పింది. ఇంటికి పోయి తలస్నానం చేస్తేగాని వంటింట్లో అడుగు పెట్టేది కాదు, అయినా ప్రతి గురువారం వచ్చేది. చాంద్ పాషా భార్య షహర్‌బానో ఆదివారాలు వచ్చేది. అంతే. మిగతా ఐదు రోజులు సాయవ్వవే. ఆదివారం చర్చిలో వెనక వరుసలో కూర్చుని చాలాసార్లు కునికేది. ఆమెను ఎవరూ లేపకుండా అయ్యగారు చూసేవారు.

ఖతీజా ఇంకో మూడేళ్లు బతికింది. 1992లో ఒక ఆదివారం, షహర్‌బానో చేతుల్లోనే ప్రాణం పోయింది. చివరి స్నానానికి బంధువుల ఆడవాళ్లు బోధన్ నుంచి వచ్చారు. సాయవ్వ వాకిట్లో నిలబడిపోయింది. షహర్‌బానో ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. మన మతం కాదు కదా అని ఒక ముసలామె గొణిగింది.

“ఎనిమిదేండ్లు కడిగింది ఈమెనే,” అన్నది షహర్‌బానో. “గిప్పుడు ఆపుతరా?”

సాయవ్వ నీళ్లు పోసింది.

ఆ ఏడే నిజామాబాద్ దవాఖానకు పోయి అడిగితే ఊడ్చే పని ఇచ్చారు, రెండేళ్లకు ఆయాను చేశారు. అక్కడ కొత్తగా చేరిన ఆయాలెవరైనా రోగుల మీద విసుక్కుంటే ఆమె మందలించేది కాదు. కాసేపు బయట కూర్చుని రమ్మని పంపి, వాళ్ల పని తాను చేసేది.