టీచరుగారి లోతుకర్ర

మా సైన్సు టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున్న తెలిసింది. అమలాపురంలో బస్సెక్కి మా ఊరు వెళ్ళేసరికి కాలువ రేవు పక్కన ఆవిడ ఫ్లెక్సీ కడుతున్నారు. ఆవిడ కన్నా, కింద దణ్ణం పెడుతున్న పంచాయతీ పెద్దమనుషుల ఫోటోలే పెద్దవి. నాకు ఒళ్ళు మండింది అందుక్కాదు. ఫ్లెక్సీకి ఒక పక్క పాతిన వెదురు గడని చూసి. దానిమీద అడుగుకొకటి చొప్పున ఎర్ర గీతలున్నాయి.

అది టీచరుగారి లోతుకర్ర. రేవులోంచి పీకేశారు!

ఏడో తరగతిలో, చలికాలం నీళ్ళు తేటపడి అడుగున ఇసుక కనిపిస్తుంటే, గుండెల లోతే కదా అని దిగాను. కాళ్ళకి నేల అందింది, తల మాత్రం మునిగిపోయింది. కట్టుచీరతోనే దిగి జుట్టు పట్టుకు లాగింది టీచరుగారే. తిడతారనుకున్నాను. మర్నాడు క్లాసునంతా రేవుకి తీసుకెళ్ళి, ఎర్ర గీతలు గీసిన గడని నీళ్ళలో ఏటవాలుగా ముంచారు. నీటి దగ్గర విరిగినట్టు కనిపించింది.

"గడ వంగిందా, వెలుతురు వంగిందా? చెప్పండర్రా" అన్నారు.

పైకి తీస్తే గడ తిన్నగానే ఉంది. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు పక్కకి వంగుతుందని, కన్ను మాత్రం అది తిన్నగానే వచ్చిందనుకుంటుందని, అందుకే అడుగు పైకి లేచినట్టుంటుందని చెప్పారు. "అయిదడుగుల లోతు నాలుగైనా లేనట్టు కనపడద్ది. కంటిని నమ్మకండర్రా, గీతలు లెక్కెట్టుకోండి."

ఆ రోజే ఆ గడని రేవులో పాతేశారు. అది కుళ్ళినప్పుడల్లా కొత్తది పాతేవారు, రిటైరయ్యాక కూడా. సిమెంటు స్తంభం కోసం పంచాయతీకి ఎన్ని అర్జీలు పెట్టారో! "మీ కర్ర ఉంది కదండీ టీచరుగారూ" అని నవ్వి పంపేసేవారు. ఆ కర్రే ఇప్పుడు వాళ్ళ ఫోటోలకి ఊతం.

"ఎవరు పీకేరండీ దీన్ని?" అని అరిచాను.

"గడ ఒకటి తక్కువొచ్చిందండీ. ఆవిడ కోసమే కదండీ" అన్నాడు ఫ్లెక్సీ కట్టేవాడు.

ఆవిడ కోసమేనట! సిగ్గుండాలి. తాళ్ళు విప్పేశాను. పెద్దమనుషులు ఒక పక్కకి మడతపడిపోయారు. చర్చిలో ఆవిడ ఆఖరి ప్రార్థనకని వేసుకొచ్చిన తెల్లబట్టలతోనే మెడలోతు దిగి, గడని పాత చోటే పాతాను. బతికి ఉన్నందుకు ఆవిడకి నేను చేయగలిగింది ఇంతే.

ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటుంటే ఇద్దరు ఆడపిల్లలు మెట్టుమీద ఆగి, నీళ్ళలోకి వంగి గీతలు లెక్కపెట్టారు. అయిదు. కంటికి మాత్రం నాలుగడుగులైనా లేదు.