ఫార్మలిన్‌లో పడిన రెండో ముక్క

ఈ మాట లోపల పెట్టుకుని పదిహేడేళ్లు దాటింది. నా భార్యకు చెప్పలేదు. దర్గాకు పోయి నిలబడ్డాను, అక్కడా చెప్పకుండానే తిరిగొచ్చాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఒక మనిషి బతికే దారిని నేను మూసేశాను. మూసేశానా? అదీ గట్టిగా చెప్పలేను. నన్ను తినేస్తున్నది అదే.

అప్పుడు కడపలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్నాను. హుసేనప్ప అనే ఆయన మైదుకూరు వైపు నుంచి వచ్చాడు. కొండ గుహల్లో గబ్బిలాల పెంట తవ్వి, గోతాలకెత్తి, పసుపు తోటలకు ఎరువుగా అమ్మేవాడు. ఏడాదిగా జ్వరం, దగ్గు. మనిషి సగమయ్యాడు. నాలుక మీద మానని పుండు. ఒళ్లు నల్లబడింది, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. వేరే చోట టీబీ అని ఆరు నెలలు మందులు మింగించారు. ఏ గుణమూ కనిపించలేదు.

మా డాక్టరమ్మ ఆయన ఏం పని చేస్తాడని అడిగింది. అంతకు ముందు ఎవరూ అడగలేదట. ఆ పెంటలో ఒక ఫంగస్ పెరుగుతుందనీ, తవ్వేటప్పుడు దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, చాలామందికి జలుబులా వచ్చి పోతుందనీ, కొందరికి ఛాతీలో అచ్చం టీబీలాగే కనిపిస్తుందనీ, ఏ కొద్దిమందికో ఒళ్లంతా పాకి నాలుకనూ కాలేయాన్నీ మూత్రపిండాల మీదుండే గ్రంథులనూ పట్టుకుంటుందనీ మాకు చెప్పింది. హిస్టోప్లాస్మోసిస్ అని దాని పేరు. టీబీ మందులు దానికి పని చేయవు. తేల్చుకోవడానికి పుండు నుంచి రెండు ముక్కలు తీసింది. ఒకటి కుళ్లకుండా నిలవుంచే ఫార్మలిన్ మందులో వేసి, మైక్రోస్కోపులో చూడటానికి బయటికి పంపాలి. రెండోది ఉత్త సెలైన్‌లో ఉంచి, మా ల్యాబులోనే ట్యూబుల్లో పెంచి చూడాలి. రెండూ కలపవద్దని రెండుసార్లు చెప్పింది.

నేను కలిపేశాను.

ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు. ముక్క వస్తే ఫార్మలిన్‌లో వేయడం ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది. ఫార్మలిన్‌లో పడితే ఫంగస్ కూడా చస్తుంది. చచ్చింది పెరగదు. సాయంత్రం దాకా హుసేనప్ప వార్డులోనే ఉన్నాడు. అప్పుడు పోయి చెప్పినా సరిపోయేది. కానీ ముందు వారమే ఇద్దరి రక్తం సీసాలు తారుమారు చేసి అందరి ముందూ చీవాట్లు తిన్నాను. ఇంకొక తప్పు జరిగితే ఇంటికి పొమ్మన్నారు. ఆ పుండును మళ్లీ కోయించడం పాపం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. జాలి అని పేరు పెట్టుకున్నాను గానీ అది భయం.

ఆ ముక్కను కడిగి ట్యూబుల్లో వేశాను. ఆరు వారాలు రోజూ పొద్దున్నే తీసి చూశాను. పెరగదని తెలిసీ ఎందుకు చూశాను? తెల్లటి నూగు ఏదైనా కనబడుతుందేమోనని, నా తప్పు తప్పు కాకుండా పోతుందేమోనని.

ఆయన భార్య ఖాసింబీ వారానికోసారి బస్సెక్కి వచ్చి, ల్యాబు కిటికీ దగ్గర నిలబడేది.

“అన్నా, మొలిచిందా?”

“ఇంగా లేదమ్మా.”

“పసుపు కొమ్మైతే నెలకంతా మొలక కనపడతాది. ఇది శానా మొండిగుండాది.”

“టైం పడతాది.”

“నువ్వు రోజూ చూస్తాండావు గదన్నా. నాకు అది సాలు.”

పోతూ పోతూ కొంగులోంచి గుప్పెడు శెనక్కాయలు తీసి కిటికీలో పెట్టింది. నేను వాటిని ఒలుచుకుని తిన్నాను కూడా.

గడువు అయిపోయాక ‘పెరుగుదల లేదు’ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు కదా, నిజంగానే ఏమీ పెరగలేదు కదా అనుకున్నాను. ఇంత తెలివి ఆ మధ్యాహ్నం ఎక్కడికి పోయింది? బయటికి పంపిన ముక్కకు టీబీ కావచ్చనే రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నా కాగితం రెండుసార్లు చదివి, తన అనుమానం వదిలేసి, టీబీకే ఇంకా గట్టి మందులు రాసింది. మూడు నెలలకు హుసేనప్ప పోయాడు.

అక్కడితో ఆగలేదు. రెండేళ్లకు నాలుక మీద అలాంటి పుండుతోనే ఇంకొకాయన వచ్చాడు. ముక్క పెంచి చూద్దామా అని నేనే అడిగాను. ఒకసారి అట్లా అనుకుని ఒక మనిషికి ఆరు వారాలు పోగొట్టానని, ఇక వద్దని డాక్టరమ్మ అంది. ఆమెకు ఆ అధైర్యం నా సంతకం వల్లే వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. తల ఊపి బయటికి వచ్చాను. ఆ రెండో ఆయన ఏమయ్యాడో తెలియదు. కనుక్కోలేదు.

హుసేనప్పకు ఉన్నది ఆ ఫంగస్సో, నిజంగా టీబీయో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసే వీలు లేకుండా చేసింది నేనే. ఖాసింబీని వెతుక్కుంటూ మైదుకూరు బస్సు రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ మధ్యలోనే దిగిపోయాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు రాయాల్సిన రిపోర్టు మాత్రం ఇప్పుడు రాస్తాను.

పేషెంటు హుసేనప్ప. రెండో ముక్కను నేను పొరపాటున ఫార్మలిన్‌లో వేశాను. ఈ పరీక్ష చెల్లదు. దయచేసి ఇంకొక ముక్క పంపండి.