సముద్రానికి తాళం

ప్రొద్దుటూరు పురోహితుడు రామావధాని గారు రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకు అడగకుండానే ఆనాటి తిథి చెప్పేవారు. పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకరాదని ఆయన నమ్మకం. అందుకే ఏటా మాఘ పున్నమికి బస్సు మాట్లాడి జనాన్ని స్నానానికి తీసుకెళ్ళేవారు. మొన్న వెళ్ళేసరికి, ఎప్పుడూ దిగే చోట రిసార్టు వాళ్ళ కంచె, గేటుకు తాళం. లోపల ఇసుకలో పడక కుర్చీలు, బీరు సీసాలు. కోసెడు దూరం నడిచినా కంచె తెగలేదు. తరతరాలుగా దణ్ణం పెట్టి దిగిన నీళ్ళు ఇప్పుడు గది తీసుకున్నవాళ్ళకేనట. ఇదెక్కడి న్యాయం?

కాపలావాడు అందరికీ మంచినీళ్ళిచ్చాడు గానీ, "గేటు తీస్తే నా ఉద్యోగం పోద్ది సామీ" అన్నాడు. "సముద్రం మీ జేజినాయన తవ్విచ్చినాడా ఏందప్పా?" అన్నాడు బస్సులో వచ్చిన గొర్రెల కాపరి ఎర్రన్న. అతని చేతి మూటలో తల్లి అస్థికలున్నాయి. ఏటా ఈ బస్సులోనే వచ్చిన ఆమె, తనను సముద్రంలోనే కలపమని చెప్పి పోయింది. పున్నమి ఘడియలు దాటిపోతున్నాయి. ఎవరినీ ఏదీ అడగని అవధాని గారు, ఈత దుస్తుల్లో అటుగా వచ్చిన ఒకావిడను కంచె ఇవతలి నుంచే పిలిచి, ఎర్రన్న చేతిలోని మూట తీసుకుని అందించారు. "నీళ్ళలోకే గదమ్మా పోతాండావు. ఈయమ్మను గూడా తోడుకొని పో తల్లీ. మోకాళ్ళ లోతు చాలు."