గీత వచ్చిందనుకోండి

కిషోర్ బాబుకు జెనెటిక్స్‌లో గోల్డ్ మెడల్ వచ్చింది. ఈ ముక్క నేను ముందే చెప్పకపోతే ఆయనే వచ్చి చెబుతాడు. దొరవారిసత్రంలో వాళ్ళ నాయన జయరామయ్య వడ్లు కాటా వేయించే చోట కూడా ఆ మెడల్ సంగతి ఎత్తకుండా ఉండడు. అదే యూనివర్సిటీలో, అదే క్లాసులో నేనూ చదివాను. నా పేరు అబిగయీలు, నాది సెకండ్ క్లాసు. కడుపుమంటతో చెబుతున్నానని అనుకుంటారేమో. కడుపుమంటే, కాదని ఎవరన్నారు?

మా చదువు ఎంత గొప్పదో వినండి. మాలిక్యులర్ బయాలజీ ల్యాబులో ఒక పి.సి.ఆర్. మిషను ఉండేది. రవ్వంత డి.ఎన్.ఏ.ను లక్షల రెట్లు పెంచి, అందులో ఫలానా వైరస్ ఉందో లేదో తేల్చే మిషను అది. వైరస్ ఉంటే చివర్లో ఒక గీత కనబడుతుంది. మా ల్యాబులో దాని మీద ఎప్పుడూ పూల గుడ్డ కప్పి ఉండేది. ఆయుధపూజకు బొట్టు పెట్టేవాళ్ళు, తనిఖీ కమిటీ వస్తే గుడ్డ తీసేవాళ్ళు. ప్రాక్టికల్ రోజున మా సారు బోర్డు మీద బొమ్మ గీసి, "మిషను నడిచిందనుకోండి. గీత వచ్చిందనుకోండి. రాసుకోండి" అనేవాడు. మేమందరం అలాగే అనుకున్నాం. కిషోర్ బాబు మాత్రం స్కేలు పెట్టి, మూడు రంగుల్లో అనుకున్నాడు. మెడల్ అందుకే వచ్చింది.

అన్నిటికంటే ఘోరం పాజిటివ్ కంట్రోల్ సంగతి. టెస్టు చేసేటప్పుడు, వైరస్ కచ్చితంగా ఉందని ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పక్కన పెట్టాలి. దానికి గీత రాలేదంటే టెస్టే చచ్చిందని అర్థం. అప్పుడు మిగతావాటికి గీత రాలేదని సంబరపడకూడదు. చంటిపిల్లకైనా తెలిసే సంగతి. మా సారుకు మాత్రం అది దండగ. "తెలిసిందాన్ని మళ్ళీ టెస్టు చేసేదేందయ్యా?" అనేవాడు. కిషోర్ బాబుకు అది వేదవాక్కు.

చదువయ్యాక చిట్టమూరు వైపు, రొయ్యపిల్లలకు టెస్టులు చేసే ల్యాబులో ఇద్దరం చేరాం. హేచరీల్లో పొదిగించి అమ్మే పిల్లలో తెల్లమచ్చ వైరస్ లేదని మేము రిపోర్టు ఇస్తేనే రైతు వాటిని గుంటలో వేస్తాడు. మెడల్ ఆయన ఇన్‌చార్జి. నేను టెస్టుకు రొయ్యపిల్లల్ని నూరేదాన్ని.

మా నాయన క్రీస్తురాజు చిన్నప్పటినుంచీ ఊళ్ళోవాళ్ళ గుంటలకు కాపలా ఉన్నాడు. ఆ ఏడే మొదటిసారి సొంతంగా ఒక గుంట కౌలుకు పట్టాడు. పంట నిలబడితే రైతు. పోతే మళ్ళీ టార్చిలైటు పట్టుకుని పరాయి గట్ల మీద తిరగడమే.

అప్పుడే గాలివాన పట్టింది. కరెంటు పోయి, ల్యాబు ఫ్రీజర్‌లో ఐసంతా కరిగి, టెస్టు కిట్టు డబ్బాలు నీళ్ళలో తేలాయి. కరెంటు రాగానే కిషోర్ బాబు అదే కిట్టుతో టెస్టుకు కూర్చున్నాడు.

"చల్లదనం పోయి కిట్టులో ఎంజైమ్ చెడిపోయుంటుంది, పాజిటివ్ పెట్టి చూద్దాం" అన్నాను.

"నువ్వింకా మారలేదు అబీ. తెలిసిందాన్ని మళ్ళీ టెస్టు చేసేదేంది? గీత వచ్చిందనుకో."

ఆ రోజు ఒక్క శాంపిల్‌కూ గీత రాలేదు. తీరం పొడుగునా ఏ హేచరీలోనూ ఏ పిల్లకూ జబ్బు లేదట! పరలోకరాజ్యం వచ్చేసిందన్నమాట. కిషోర్ బాబు అన్నిటికీ నెగిటివ్ అని సంతకం గీకి, జుట్టు దువ్వుకుని వెళ్ళిపోయాడు. వాటిలో మా నాయన కొనబోయే పిల్ల కూడా ఉంది. నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, ఆ పిల్ల వెయ్యొద్దు. కిట్టు చెడింది. కొత్తది రానీ, నేనే చేస్తా. రెండ్రోజులు ఆగు."

"సంతకం ఎవరు పెట్టినారు?"

"కిషోర్ బాబు."

"మెడలొచ్చిన పిల్లోడే కదా?"

"మెడలంట, గాడిద గుడ్డు! టెస్టే జరగలేదంటున్నా."

"అట్టా అనకూడదు పాపా. ఆయన ఫస్టొచ్చినాడు. నువ్వు సెకండ్ క్లాసు. ఆయన మాట కాదని నీ మాట వింటే నలుగురూ నవ్వరా? పాస్టరు గారికి కూడా చెప్పేసినా, పొద్దున్నే ప్రార్థన."

ప్రార్థనకు కిషోర్ బాబును కూడా పిలిచాడు. మొదటి సంచి పిల్లను ఆయన చేత్తోనే గుంటలోకి వదిలించాడు. ఆయన ఇస్త్రీ ప్యాంటు తడవకుండా గట్టు మీద వంగి, ఫోటో తీయమని నా చేతికే ఫోనిచ్చాడు. ఆ ఫోను గుంటలో విసిరేయనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కొత్త కిట్టు వచ్చిన రోజు, దానిలోని పాజిటివ్‌ను పాత ఎంజైమ్‌తో పెట్టి చూశాను. గీత రాలేదు. తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పిల్ల గుంటలో పడిపోయింది కదా, ఇప్పుడు ఇది చూసి ఏం చేసేది?" అన్నాడు, టీ తాగుతూ.

నెల దాటేసరికి రొయ్యలు మేత ముట్టడం మానేశాయి. ఒకరోజు తెల్లవారేసరికి గుంట చుట్టూ కాకులు, కొంగలు. నాయన మోకాలి లోతుకు దిగి, అంచున కొట్టుకుంటున్న రొయ్యను తీసి నా చేతిలో పెట్టాడు. డొప్ప నిండా తెల్ల చుక్కలు. అది చూడడానికి ఏ మిషనూ అక్కర్లేదు. నేను గట్టు మీదే కూర్చుని కోపంతో ఏడ్చాను.

కిషోర్ బాబు మాత్రం చలించలేదు. "మీ గుంట నీళ్ళు మంచివి కావేమో" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నదట! ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్ళు, ల్యాబులో పనిచేసిన అనుభవం ఉందని, ప్రాక్టికల్స్ చెప్పడానికి ఆయన్నే పిలిచారు. పూల గుడ్డ కింద మిషను ఇంకా అక్కడే ఉందట. వాళ్ళకు తగ్గ గురువు దొరికాడు.

నాయన గుంట వదిలేసి మళ్ళీ కాపలాకు పోయాడు. మొన్న మాత్రం ముఖం వెలిగిపోతూ ల్యాబుకు వచ్చాడు.

"పాపా, మన సంఘంలో హెబ్రోను అన్న, వాళ్ళ గుంటలో వాటాకు రమ్మంటున్నాడు. ఈసారి టెస్టు మాత్రం గట్టిగా చేయించాల."

నా ప్రాణం లేచొచ్చింది. "పిల్లను పట్టుకురా నాయనా. పాజిటివ్ పెట్టి నేనే చేస్తా."

"నువ్వు కాదు పాపా" అన్నాడు నాయన, చుట్టుపక్కల ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించి. "ఆ కిషోర్ బాబు ఇప్పుడు యూనివర్సిటీలోనే పాఠాలు చెప్తున్నాడంట కదా. సెలవులకు ఎప్పుడొస్తాడో ఒక మాట కనుక్కో."