అమ్మలా కనబడని బట్టలు

నాంపల్లిలో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే జానకికి ఏభై దాటాక నాటకాల పిచ్చి పట్టింది. పిచ్చి అన్న మాట ఆమె భర్త వామన్‌రావుది. ఆమె దృష్టిలో అది కోరిక. ఇంట్లో అమ్మగా, బళ్లో టీచరమ్మగా పొద్దస్తమానం ఒకరి వెనక తిరిగి తిరిగి ఆమెకు విసుగెత్తింది. ఆదివారం సాయంత్రమైనా ఇంకెవరో అయిపోదామని, ఆబిడ్స్‌లో ఓ మేడ మీద కుర్రకారు ఆడే ఇంప్రోవ్ కామెడీలో చేరింది.

అందులో ముందుగా రాసుకున్న మాటలుండవు. వేదికెక్కి ఎవరు నోరు తెరిస్తే కథ అక్కడ మొదలు. ఉన్నదొకటే కట్టుబాటు. వేదిక మీద జోడీగా ఆడేవాళ్లు నిన్ను ఎవరంటే నువ్వు వాళ్లే, కాదనకూడదు. దొంగ అంటే దొంగవి, మంత్రి అంటే మంత్రివి. ఆ మాట విన్ననాడు జానకికి ప్రాణం లేచొచ్చింది.

ఆమెను ఎవరూ దొంగ అనలేదు. మంత్రి అసలే అనలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వేదికెక్కిందో లేదో, జట్టు నడిపే సుశాంత్ "అమ్మా, ఆకలైతుందే" అంటూ తగులుకునేవాడు. ప్రతి వారం అదే వరస. జానకి లేని కంచంలో లేని అన్నం వడ్డించేది. జనం పడీ పడీ నవ్వేవారు. ఆమెకు కడుపు మండిపోయేది.

తప్పు చీరదేనని తేల్చుకుంది. జట్టులోని స్నేహ కూడా అదే చెప్పింది.

"సాదా బట్టలేస్కోండి మేడం. బొమ్మలు, రాతలు గిట్ల ఉండొద్దు. కింద కూసున్నా, దుంకినా అడ్డం రావొద్దు. గప్పుడు ఎవరన్నా అవ్వొచ్చు."

ఆబిడ్స్‌లో ఓ బట్టల దుకాణంలో అమ్మే పిల్ల పూల కుర్తా, దానికో చున్నీ తీసి, "ఆంటీ, మీ ఏజుకు గిది మస్తుంటది" అంది. జానకికి ఒళ్లు మండింది. నాలుగు ప్యాంట్లు పట్టుకుని, తొడిగి చూసుకునే గదిలోకి పోయి, అద్దం ముందు గొంతుక్కూర్చుంది, వంగింది, ఎగిరింది. ఒకటి మోకాళ్ల దగ్గర పట్టేసింది. ఇంకొకటి నడుం మీంచి జారింది. ఎలాస్టిక్ ఉన్న బూడిదరంగుది నిలిచింది. చేతులెత్తినా పైకి పోని వదులు నల్లచొక్కా, జారని రబ్బరు అడుగుల బూట్లు తీసుకుంది.

ఆదివారం చప్పుడు చేసే గాజులు తీసేసి, పుస్తెలతాడు చొక్కాలోపలికి తోసింది.

"గిదేం వేషం?" అన్నాడు వామన్‌రావు.

"ఏ వేషం కాదు. అందుకే కొన్న."

ఆ సాయంత్రం జానకి ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. అందరికన్నా ముందు వేదిక మీదికి ఉరికి, కాళ్లు ఎడంగా పెట్టి, గాల్లో స్టీరింగ్ పట్టుకుంది.

"జరుగుండ్రి, జరుగుండ్రి! చాదర్‌ఘాట్ బస్సు! ముందుకు నడువుండ్రి!"

బ్రేకు తొక్కింది. పక్కనున్న ఆటోవాణ్ణి తిట్టింది. బట్టలు ఎక్కడా అడ్డం రాలేదు. పుట్టాక ఎన్నడూ లేనంత సుఖంగా ఉంది ఆమెకు. బస్సు తనది, తొవ్వ తనది.

అంతలో సుశాంత్ ఎగిరి ఎక్కాడు. లేని కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఆమెను ఎగాదిగా చూశాడు.

"అమ్మా! నువ్వు గీడ బస్సు నడుపుతున్నవా? మరి ఇంట్ల అన్నం ఎవరు వండిన్రు?"

హాలు గొల్లుమంది. జానకి చేతులు స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. నేను మీ అమ్మను కాదురా అని అరవాలనిపించింది. కానీ కట్టుబాటు కట్టుబాటే.

"ఔ బిడ్డా," అంది. "సీటు కింద డబ్బా పెట్టిన. తిను."

చప్పట్లు ఆగలేదు. ఆట ముగిశాక సుశాంత్ దగ్గరికొచ్చాడు. వాడి మనసులో ఏ పాపమూ లేదు, నిజంగానే సంబరపడుతున్నాడు.

"మేడం, ప్యాంటు మస్తు పనిచేసింది! చీర కట్టుకున్న అమ్మకన్నా ప్యాంటేస్కున్న అమ్మకే ఎక్కువ నవ్విన్రు. ఇగ నుంచి గిట్లనే రాండ్రి."

"ఔ," అంది జానకి.

వేదిక దిగాక కాదనొచ్చన్న సంగతి, మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక గాని ఆమెకు గుర్తు రాలేదు.