వాగు దాటాక సన్నగీత

మా సారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున ఖమ్మం దవాఖానా నుంచి ఆయన అక్క ఫోన్ చేసింది. "తమ్ముడు పోయిండు బిడ్డా. ఇయ్యాలనే ఊరికి తీస్కపోతున్నం" అంది. బయట ఒకటే వాన. నాకు ముందు ఏడుపు రాలేదు, ఈ వానలో ఆ ఊరికి ఎలా తీసుకెళ్తారన్న దిగులు వచ్చింది. అలా ఆలోచించడం నేర్పింది ఆయనే.

సారు సోషల్ చెప్పి రిటైరై, ఖమ్మంలోనే ఖానాపురం హవేలిలో ఒంటరిగా ఉండేవారు. వాళ్ల సందు చివర నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఎవరి ఊరి దారులు వాళ్లే గీసుకోగల మ్యాపు ఒకటి నెట్‌లో ఉందని ఆయనకు చూపించింది నేనే. ఇక అంతే, రోజూ వచ్చి నా కుర్చీలో కూర్చుని దారులు గీసేవారు. టీ పెట్టి ఇస్తే చల్లారి తొరక కట్టేది. జీతం లేని ఈ పనికి కొత్తగూడెం నుంచి, సత్తుపల్లి నుంచి ఇంకొందరు చేరారు.

బీడీలు చుట్టే తునికాకు కోసం లారీలు ఎండాకాలంలో అడవి లోపలికి బాట తొక్కుతాయి. జీపీఎస్ పట్టుకుని వేసవి సెలవుల్లో తిరిగిన మేం ఆ బాటల్లో చాలావాటిని రోడ్లని రాసి, భద్రాచలం రోడ్డంత లావుగా గీసిపడేశాం. ఒకే రకం బాట ఒకరికి రోడ్డు, ఇంకొకరికి బండ్లబాట. సారు అంతా చూసి, "వానల పోయి చూసిండ్రా?" అని ఒక్కమాట అడిగారు. ఎవరం పోలేదు.

ఆ రోజు నుంచి అందరికీ ఒకటే రూలు. వానాకాలంలో బండి పోతేనే రోడ్డు, పోకపోతే కాలిబాట, సన్నగీత. లావుగీతను నమ్ముకుని వచ్చిన అంబులెన్సు వాగు దగ్గర ఆగిపోతే, లోపల నొప్పులు పడుతున్న పిల్ల గతేంటని అడిగేవారు. గీసినవన్నీ మాచేతే మళ్లీ గీయించారు. మహా చాదస్తం. లోలోపల తిట్టుకుంటూనే గీశాం.

ఆ రూలు ఆయన సొంతూరికీ తప్పలేదు. వాగు దాకా తారురోడ్డు, అవతల వానకు మునిగే మట్టిబాట. వాగు దాటాక సన్నగీతే గీశారు. ఓసారి అక్కను సెంటర్‌కు తీసుకొచ్చి, మురిసిపోతూ తెరమీద ఊరు చూపించారు. ఆమె ముఖం మాడిపోయింది.

"లోకమంత చూసేదాంట్ల మనూరికి రోడ్డు లేదని పెడ్తివా?"

"లేనిది ఉన్నదని పెడితే, ఇగ రోడ్డెవడేస్తడక్కా?"

ఆమె చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. సారు ఒక్కోసారి ఆ చోటే తెరిచి పెట్టుకుని, ఏమీ మార్చకుండా కూర్చుండిపోయేవారు.

ఆదివారం మధ్యాహ్నం ఆయనను తీసుకెళ్తున్న వ్యానులో అక్కతో పాటు నేనూ ఉన్నాను. అది వాగు దగ్గర ఆగింది. ఇక పోదన్నాడు డ్రైవరు. ఊరివాళ్లు అక్కడే పాడె కట్టి, సారును భుజాలకెత్తుకుని మోకాటి లోతు నీళ్లలోకి దిగారు. నేను ఆయన అక్క చెయ్యి పట్టుకుని వెనకే దిగాను. ఆమె ఏడుపు చూడలేక, ఇంటికి పోగానే ఆ గీతను లావు చేస్తాను పెద్దమ్మా అన్నాను.

ఆమె నీళ్లలోనే ఆగింది. "ఒద్దు బిడ్డా. వాడు గీసినట్టే ఉండనియ్. నా తమ్ముణ్ణి గిట్ల మోసుకపోయినమని చూసేటోళ్లకు తెల్వాలె."

అవతలి ఒడ్డున బాట మరీ ఇరుకు. మోసేవాళ్లు పక్కల పొదల్లోకి దిగి నడుస్తున్నారు. బాట మధ్యలో, వానలో తడుస్తూ, సారు ఒక్కరే పోతున్నారు.