మూడుసార్లూ పద్దెనిమిదిన్నరే

మురిక్కాలువ పక్కన కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. జనగామలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో రోజూ అదే వాసన. యాసిడు చుక్కలకు చిల్లులు పడ్డ తెల్లకోటుతో మా నర్సయ్య సార్ కళ్లముందు నిలబడతారు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, మళ్లీ చదివి లెక్చరరైన మనిషి. నవ్వడం అరుదు.

ఆఖరు సంవత్సరానికి ఆర్గానిక్ తీసుకోవాలా, అనలిటికల్ తీసుకోవాలా అన్నది అప్పట్లో నాకు పెద్ద గండం. మొదటిది మందులు తయారుచేసే చదువు, రెండోది తయారైనదాన్ని పరీక్షించే చదువు. మా ఊరు నర్మెట్టలో బస్సెక్కించేటప్పుడల్లా బాపుది ఒకటే మాట: "మందులు చేసే సదువుకు పట్నంల నౌకరి దొరుకుతదంట బిడ్డా. గదే రాయి." అనలిటికల్‌కు మా క్లాసులో ఒక్కరూ పేరివ్వలేదు. ఒకరు చేసినదాన్ని పరీక్షించే పనికి గొప్పేముంటుంది, మట్టి! అనుకునేదాన్ని నేనూ.

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. సీనియర్ల రికార్డు పుస్తకాలు మా చేతికి వచ్చేవి. బ్యూరెట్ అనే కొలత గొట్టంలోంచి ఎంత యాసిడు పడితే రంగు మారుతుందో అందులో ముందే రాసి ఉండేది. మేం ఒకసారి ఉత్తుత్తిగా చేసి, ఆ అంకెనే మూడుసార్లు ఎక్కించేవాళ్లం. సబ్జెక్టు రాసే ఫారం ఇవ్వడానికి ముందురోజు సార్ ఎవరికీ చెప్పకుండా యాసిడు గాఢత పెంచారు; అంటే తక్కువ యాసిడుకే రంగు మారాలి. నేను మామూలుగానే పాత రికార్డులో ఉన్న పద్దెనిమిదిన్నరే మూడుసార్లూ రాసి చూపించాను.

"మూడుసార్లు గింత సక్కగ ఎట్లొచ్చింది బిడ్డా?" అన్నారు.

చచ్చేంత సిగ్గేసింది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. సార్ రికార్డు మూసి అన్నారు:

"మా తమ్ముడు దవాఖానల గ్లూకోజు ఎక్కిస్తుండంగనే పోయిండు. ఆ సీసల తప్పున్నదో లేదో నాకు తెల్వదు. గని దాన్ని పరీక్ష చేసినోడు గూడ గిట్లనే రాసిండేమో అని ఇప్పటికీ నాకు రంది."

"మల్ల చేస్త సార్" అన్నాను. అందరూ వెళ్లిపోయినా సార్ స్టూలు మీద కూర్చునే ఉన్నారు. మొదట పదహారు పాయింట్ రెండు వచ్చింది, తర్వాత పదహారు, ఆ తర్వాత పదహారు పాయింట్ ఒకటి. అవే రాశాను.

"ఇప్పుడు నమ్ముత" అన్నారు.

మర్నాడు ఫారంలో అనలిటికల్ అని రాశాను. బాపు వారం రోజులు నాతో మాట్లాడలేదు. నా ఒక్కదానికోసమే సార్ ఏడాదంతా పాఠం చెప్పారు.

ఆ తర్వాత మందుల సీసాలు పరీక్షించడమే నా ఉద్యోగమైంది. "లారీ గేటు దగ్గర నిలబడింది, జర జల్ది సంతకం పెట్టుండ్రి మేడం" అని తొందర పెడతారు. అంకెలు మూడూ అచ్చం ఒకేలా వస్తే నా చెయ్యి ఆగిపోతుంది. ఈ సీసా ఎవరి తమ్ముడికి ఎక్కుతుందో అనుకుంటాను. నాలుగోసారి చేస్తాను.